తాళం పోతే ఏం పగలగొట్టాలి?

మన వైపు తాళం అన్న మాటతో ఒక తిరకాసుంది. "తాళం పోయింది" అంటే పోయేది తాళంచెవి. "తాళం పగలగొట్టు" అంటే పగిలేది తాళంకప్ప. ఈ రెండిటి మధ్యా మూడోది ఇంకోటి పగులుతుంది, దాని సంగతి ఎవరూ ఆలోచించరు.

రేపల్లెలో మా తాతగారి ఇల్లు ఏడాదిలో పది నెలలు మూసే ఉంటుంది. మొన్న పెద్ద బాబాయి తెనాలిలో రేపల్లె పాసింజరెక్కి, దిగేలోపు చెవి ఎక్కడో పోగొట్టుకున్నాడు. రెండో చెవి బాపట్లలో అత్తయ్య దగ్గర. పాపం పదిహేనేళ్ళుగా బీరువాలో గుడ్డ చుట్టి మరీ దాచింది. తీరా తెచ్చి పెడితే తిరగదే! మధ్యలో ఎప్పుడో కప్ప మార్చారు, అత్తయ్యకి కొత్త చెవి ఇవ్వలేదు.

పూరీ రత్నభాండారం కథా ఇంతే. లోపలి గది తాళంచెవి కనబడటం లేదని 2018లో పెద్ద గొడవ. కొద్ది రోజులకే కలెక్టరేట్లో డూప్లికేట్ దొరికిందన్నారు. 2024 జులై 14న తీయబోతే అవి పనిచెయ్యలేదు, మెజిస్ట్రేటు సమక్షంలో తాళాలు కోయాల్సొచ్చింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం అనుకునే మాటే ఇది: ఒక్కసారైనా రిస్టోర్ చేసి చూడని బ్యాకప్ బ్యాకప్పే కాదు.

సరే, మా గుమ్మం దగ్గరికొద్దాం. "గునపం వేసి గొళ్ళెం లేపేద్దాం, ఎంతసేపు?" అన్నాడు పక్కింటాయన. ఎంతోసేపు పట్టదు నిజమే. కానీ పాత ఇళ్ళల్లో గొళ్ళెం తగిలించే కొండి కాళ్ళు ద్వారబంధానికి అవతల వంచేసి ఉంటాయి. లాగితే టేకు చెక్కతో సహా ఊడొస్తుంది. కప్ప ఖరీదు వందల్లో, ఆ ద్వారబంధం మళ్ళీ చేయించాలంటే వేలల్లో.

అసలు బాధ అదీ కాదు. ఇల్లింకా పంపకం కాలేదు. నలుగురి వాటా. బాబాయిలిద్దరికీ మాటల్లేవు. ఒకరు ఒంటరిగా పగలగొడితే, రేపు లోపల ఇత్తడి బిందె ఒక్కటి కనబడకపోయినా ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నేను చెప్పింది ఒకటే: వెనక్కి తీసుకోగలిగే పనులన్నీ ముందు, తీసుకోలేనిది చివర్న, అదీ నలుగురి ఎదురుగా.

ముందు కుట్టుమిషన్ నూనె వేసి రాత్రంతా వదిలేశాం. పాత లివర్ కప్పలో పట్టీలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. చెవి పళ్ళు ఒక్కో పట్టీని సరిగ్గా దాని ఎత్తుకి లేపాలి, తగ్గినా ఎక్కువైనా బోల్టు కదలదు. ఉప్పుగాలికి ఆ పట్టీలు బిగుసుకుపోతాయి. కదల్లేదు. తర్వాత తెనాలి నుంచి తాళాల అతన్ని పిలిపించాం. పళ్ళు లేని చెవి పెట్టి తిప్పడం, దానిమీద పడ్డ గుర్తులు చూసి ఆకురాయితో రాయడం, మళ్ళీ పెట్టడం. గంటన్నర కష్టపడి, లోపల స్ప్రింగు విరిగిందని చెప్పేశాడు.

అప్పుడు అత్తయ్య ఎదురుగా, నాన్ననీ చిన్న బాబాయినీ వీడియో కాల్లో పెట్టి, హాక్సా బ్లేడుతో కప్ప కమ్మీ కోయించాం. పాత ఇనుము, పావుగంటలో తెగింది. తలుపుకి గీత పడలేదు. లోపల ప్రతి గదీ ఫోన్లో చూపించాం. "ఆ మూల గడియారం ఇంకా ఉందే!" అన్నాడు చిన్న బాబాయి. "ఉండక ఎక్కడికి పోద్ది?" అన్నాడు పెద్ద బాబాయి. చాన్నాళ్ళ తర్వాత వాళ్ళ మధ్య మాటలవే.

కొత్త కప్పకి నాలుగు చెవులు. ఇచ్చే ముందు నాలుగూ తిప్పి చూశాం. మీ ఇంట్లో బీరువా అడుగున పడున్న డూప్లికేట్లుంటే, ఈ ఆదివారం ఓసారి తిప్పి చూడండి. తిరగనిది పారేయండి. అది ఉందన్న ధైర్యం, లేకపోవడం కన్నా ప్రమాదం.