కిటుకుల నోటుబుక్కు

నేను ముప్ఫయి యేళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పి, చివరకు హెడ్మాస్టరుగా పదవి విరమించాను. ఇన్నేళ్ళలో ఎందరో పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దాను. కాని నేను చేసిన తప్పు ఒకటి మాత్రం పాతికేళ్ళపాటు మా యింట్లో ఒక ట్రంకుపెట్టె అడుగున దాగి ఉండిపోయింది. పోయిన వేసవి సెలవుల్లో దాన్ని మా మనుమరాలు బయటికి తీసింది. ఆ సంగతే మీకు చెబుతాను.

మా మనుమరాలు ఏడో తరగతి చదువుతున్నది. సెలవులకు వచ్చినప్పుడు మధ్యాహ్నం పూట కంప్యూటరు ముందు కూచుని ‘టెట్రిస్’ అనే ఆట ఆడుతూ ఉండేది. ఒకనాడు, “తాతయ్యా, నువ్వూ ఆడి చూడు,” అని తన కుర్చీ నాకిచ్చింది.

ఆ ఆట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనివారికోసం రెండు ముక్కలు చెబుతాను. దీన్ని 1984లో మాస్కోలో అలెక్సీ పాజిట్నోవ్ అనే ఆయన తయారుచేశాడు. తెరమీద బావిలాంటి చోటొకటి ఉంటుంది. దానికి అడ్డంగా 10 గళ్ళు, నిలువుగా 20 గళ్ళు. నాలుగేసి గళ్ళు కలిపి చేసిన బిళ్ళలు పైనుంచి ఒకదాని తరువాత ఒకటి దిగుతూ వస్తాయి. ఇవి ఏడు రకాలు. గ్రీకు భాషలో ‘టెట్రా’ అంటే నాలుగు; ఆట పేరు అందులోంచే పుట్టింది. దిగే బిళ్ళను తిప్పుకుంటూ, పక్కలకు జరుపుకుంటూ, సందు లేకుండా పేర్చాలి. అడ్డవరుస పూర్తిగా నిండితే మాయమవుతుంది. వరుసలు నిండక బిళ్ళలు పైదాకా పేరుకుపోతే ఆట సరి!

నేను లెక్కల పంతుల్ని గదా, గళ్ళు పేర్చటం ఎంతపని అనుకున్నాను. రెండు నిమిషాలు గడవకముందే ఆట ముగిసింది. మళ్ళీ ఆడాను, మళ్ళీ అంతే. మూడోసారి ఇంకా త్వరగా అయిపోయింది.

మనుమరాలు నవ్వలేదు. “తాతయ్యా, నువ్వు వెంట వెంటనే ఒక్కొక్క వరుస తీసేయాలని తొందరపడుతున్నావు. అట్లా కాదు. ఎడమనుంచి తొమ్మిది నిలువుల దాకా సమంగా పేర్చుకుంటూ రా. కుడిచివర ఒక్క నిలువు మాత్రం ఖాళీగా వదులు. నాలుగు వరుసలు లేచాక పొడుగు బిళ్ళ వచ్చినప్పుడు దాన్ని ఆ సందులోకి దింపు,” అన్నది.

అట్లాగే చేశాను. పొడుగు బిళ్ళ దిగటమేమిటి, నాలుగు వరుసలూ ఒక్కసారిగా మాయమయినాయి! నేను చిన్నపిల్లవాడి మల్లే చప్పట్లు కొట్టాను.

ఇందులో ఒక లెక్క ఉన్నది. 1989లో నింటెండో కంపెనీవారు టీవీకి తగిలించి ఆడే టెట్రిస్‌ను తెచ్చారు. అందులో మొదటి మెట్టు మీద ఒక వరుస తీస్తే 40 పాయింట్లు. నాలుగూ ఒక్కసారే తీస్తే 1,200. మీరే లెక్క కట్టండి. ఒక్కొక్కటిగా నాలుగు తీస్తే వచ్చేది 160. కలిపి తీస్తే దానికి ఏడున్నర రెట్లు! ఓపికపట్టినవాడికి ఆ ఆట ఇచ్చే బహుమానం అది.

అయితే చప్పట్లు కొడుతూనే నేను ఆగిపోయాను. “కుడిచివర ఒక్క నిలువు వదులు” అనే మాట నేను ఇదివరకు ఎక్కడో చూచాను. ఎక్కడ? ఎవరి చేతివ్రాతలో? గుర్తు రాగానే నా మనసు చివుక్కుమన్నది.

అది 1998వ సంవత్సరం, డిసెంబరు నెల. నేను కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. వాళ్ళ నాన్న తాపీపని చేసేవాడు. పని ఎక్కడ దొరికితే అక్కడికి కుటుంబంతో సహా వెళ్ళేవాడు. ఆ కుర్రవాడికి లెక్కల్లో నూటికి పద్నాలుగు వచ్చాయి. ఒకనాడు నేను బోర్డుమీద వ్రాసి వెనక్కు తిరిగేసరికి, నలుగురు పిల్లలు వాడి బల్లమీదికి వంగి ఉన్నారు. వెళ్ళి చూస్తే చేతిలో పట్టేంత ఆటయంత్రం, పక్కనే ఒక నోటుబుక్కు. ఆ రోజుల్లో తిరునాళ్ళలో అటువంటి యంత్రాలు అమ్మేవారు. ‘బ్రిక్ గేమ్’ అనేవారు. టెట్రిస్ లాంటి ఆటా, పాము ఆటా అందులో ఉండేవి.

నేను రెండూ లాక్కున్నాను. సాయంత్రం వాడు నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“యంత్రం మీ దగ్గరే ఉంచుకోండి మాస్టారూ. ఆ నోటుబుక్కు మటుకు ఇవ్వండి. అది నా ఒక్కడిదీ కాదు,” అన్నాడు.

“లెక్కల నోటుబుక్కు మీద లేని ప్రేమ దీనిమీద ఎందుకురా? పెద్ద పరీక్షలయాక రా, రెండూ ఇస్తాను,” అని పంపేశాను. పుస్తకం తెరిచయినా చూడలేదు.

సంక్రాంతి సెలవులయి బడి తెరిచాక వాడు రాలేదు. వాళ్ళ నాన్నకు మరో ఊళ్ళో పని దొరికిందట. ఏ ఊరో తోటిపిల్లలకు తెలియలేదు. నేను గట్టిగా వాకబు చేస్తే తెలిసేదేమో, చెయ్యలేదు. ఆ రెండు వస్తువులూ నా సొరుగులోంచి ట్రంకుపెట్టెలోకి చేరాయి.

మనుమరాలు నేనూ కలిసి ఆ పెట్టె తెరిచాం. యంత్రం వెనక మూత తీసేసరికి లోపలంతా తెల్లటి పెచ్చు కట్టి ఉన్నది. సెల్లులు తియ్యకుండానే దాన్ని పెట్టెలో పడవేశాను. మామూలు సెల్లుకు పైనుండే జింకు డబ్బాయే ఒక ధ్రువం. విద్యుత్తు పుట్టేకొద్దీ ఆ జింకు కరిగి పలచబడుతుంది. ఏళ్ళతరబడి వదిలేస్తే చిల్లుపడి, లోపలి రసాయనం కారి, తగిలిన తీగెల్నల్లా తినేస్తుంది. యంత్రం ఇక పనికిరాదు. పిల్లవాడి వస్తువును ‘భద్రంగా’ దాచానని నేననుకున్నదానికి ఫలితం ఇది.

నోటుబుక్కు మాత్రం చెక్కు చెదరలేదు. అట్టమీద “ఆటల కిటుకులు – అందరికీ” అని ఉన్నది. ప్రతి పుటలోనూ పైన ఒక కిటుకు. దానికింద “ఎందుకంటే” అని కారణం. ఆ కింద, అది ఎవరు కనిపెట్టారో ఆ పిల్లవాడి పేరు. తనది కానిది తనదని ఒక్కటీ వ్రాసుకోలేదు.

టెట్రిస్ పుటలో ఇట్లా ఉన్నది: “గుంతకన్న మిట్ట మేలు. ఎందుకంటే, మిట్ట పక్కన పేర్చుకుంటే సమమవుతుంది. గుంతమీద బిళ్ళ కప్పితే, ఆ బిళ్ళ తీసేదాకా కింది వరుస నిండదు.” మరొకటి: “దిగే బిళ్ళనే చూడకు. పక్కన చూపించే రాబోయే బిళ్ళను కూడా చూడు. ఎందుకంటే, దీన్ని పెట్టేటప్పుడే దానికి చోటు ఉంచాలి.”

తరువాతి పుట పాము ఆట. ఇది మీ పెద్దవాళ్ళకు బాగా తెలుసు; 1997 నుంచీ నోకియా ఫోనుల్లో కూడా వచ్చింది. పాము మేత తిన్నకొద్దీ పొడుగవుతుంది. తన ఒంటికే తాను తగిలితే చస్తుంది. మేత కనిపించగానే అటు పరుగెత్తినవాడు కొద్దిసేపట్లోనే ఓడిపోతాడు. ఈ కుర్రవాడు గళ్ళబొమ్మ గీసి ఒక దారి చూపించాడు. అన్నిటికంటె కింది వరుసను తిరిగి రావటానికి వదిలిపెట్టాలి. ఎడమచివరి నిలువులో పైకి పోవాలి. పక్క నిలువులో, కింది వరుస తగలకుండా, దిగాలి. ఇట్లా చీర కుచ్చిళ్ళ మల్లే పైకీ కిందికీ మడతలు వేసుకుంటూ కుడిచివరకు చేరి, కింది వరుసలోంచి మొదటి చోటికి రావాలి. మేత ఎక్కడున్నా ఈ దారిలో తగిలి తీరుతుంది. పాము తన తోకకే అడ్డుపడదు. దానికింద ఇంకో వాక్యం: “నిలువులు జతలుగా ఉండాలి. బేసి అయితే చివర పైన చిక్కుకుంటాం.”

అది చదివి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. గళ్ళన్నిటినీ ఒక్కొక్కసారే తాకి బయలుదేరిన చోటికి చేరే దారిని గణితశాస్త్రంలో ‘హామిల్టన్ చక్రం’ అంటారు. ఐర్లండుకు చెందిన విలియం హామిల్టన్ అనే గణితజ్ఞుడు 1857లో ఇటువంటి చిక్కును ఒక ఆటగానే కల్పించాడు. నూటికి పద్నాలుగు మార్కులు వేసి నేను పక్కన పెట్టిన కుర్రవాడు, తిరునాళ్ళలో కొన్న యంత్రంమీద ఆ దారిని తనంత తాను కనుక్కున్నాడు. సరి, బేసి భేదం కూడా పట్టుకున్నాడు!

మూడో పుటలోని కిటుకు ఏ ఆటకయినా పనికివస్తుంది: “ముందు ఒక ఆట ఓడిపోయినా సరే, శత్రువు ఎట్లా నడుస్తాడో చూడు. ఎందుకంటే, వాడికి ఏదో ఒక అలవాటు ఉంటుంది.” ఇది ఎంత నిజమో చూడండి. 1980లో జపానులో టోరు ఇవాటని అనే ఆయన ‘పాక్‌మాన్’ ఆటను రూపొందించాడు. అందులో నాలుగు దయ్యాలు మనల్ని తరుముతాయి. అన్నీ ఒకటే అనుకుంటాం, కాదు. ఎర్రదయ్యం తిన్నగా మన వెనకే పడుతుంది. గులాబీరంగు దయ్యం మనం పోయే దిక్కు చూచి, మనకు కాస్త ముందుకు గురిపెడుతుంది. నారింజరంగుది దూరంనుంచి తరుముకుంటూ వచ్చి, దగ్గరికి రాగానే తన మూలకు మళ్ళుతుంది. నీలిరంగు దయ్యం ఎర్రదయ్యం ఎక్కడున్నదో చూచుకుని దారి ఎంచుకుంటుంది. ఈ అలవాట్లు తెలిసినవాడికి దయ్యాల భయం సగం తీరినట్లే!

ఇంత చదివాక మనుమరాలు అడిగింది: “తాతయ్యా, కిటుకులన్నీ అందరికీ చెప్పేస్తే ఆ అబ్బాయి ఎట్లా గెలుస్తాడు? మా క్లాసులో బాగా ఆడేవాళ్ళు ఎవరికీ చెప్పరు.”

మంచి ప్రశ్న. దీనికి జవాబు టెట్రిస్ చరిత్రలోనే ఉన్నది. నేను చెప్పిన 1989 నాటి ఆటలో 29వ మెట్టు చేరితే, బిళ్ళ పైనుంచి కిందికి సెకనులో మూడోవంతులో పడిపోతుంది. మీట నొక్కి పట్టుకుంటే బిళ్ళ పక్కకు చేరేలోపలే కింద పడుతుంది. మనిషివల్ల అయ్యేది ఇంతే అని చాలాకాలం అనుకున్నారు. తరువాత కొందరు, మీటను నొక్కి పట్టుకోకుండా టకటకా కొట్టటం నేర్చారు. ఆ పైన మరొక పద్ధతి వచ్చింది: ఒక చేతి బొటనవేలు మీటమీద ఊరికే ఆనించి, రెండో చేతి వేళ్ళను పరికరం వీపుమీద మృదంగం వాయించినట్లు దొర్లించటం. నేర్చినవారు దాన్ని దాచుకోలేదు, చూపించారు. చూచినవారు ఇంకా మెరుగుపెట్టారు. చివరకు 2023 డిసెంబరు 21న, అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన 13 ఏళ్ళ కుర్రవాడు 157వ మెట్టు దాకా పోయాడు. అక్కడ మనిషి ఓడలేదు. ఆటే బిగుసుకుని ఆగిపోయింది! అంతకుముందు ఏ మనిషీ ఆ చోటికి చేరలేదు. కిటుకులు ఎవరికి వారు గుప్పిట మూసుకుని కూచుంటే, ఆ కుర్రవాడు మళ్ళీ మొదటి మెట్టునుంచీ తానే అన్నీ కనుక్కోవలసి వచ్చేది.

నేను బడిలో ఉన్నప్పుడు, ఒకడు ఇంకొకడికి చెబితే కాపీ అనే అనుకునేవాణ్ణి. జవాబు చెప్పటం వేరు, కిటుకు చెప్పటం వేరు. జవాబు ఒక్క లెక్కకే పనికివస్తుంది. “ఎందుకంటే” అని కారణంతో చెప్పిన కిటుకు విన్నవాడి బుద్ధిలో నాటుకుని, మరో కిటుకును మొలిపిస్తుంది. ఉపాధ్యాయుడు చేసే పని అదే. ఆ రోజు మా తరగతిలో ఇద్దరు పంతుళ్ళున్నారు. నేను రెండోవాణ్ణి గుర్తించలేకపోయాను.

ఇప్పుడు ఆ నోటుబుక్కును మనుమరాలు చక్కగా తిరగవ్రాసింది. పాత పేర్లన్నీ అట్లాగే ఉంచింది. తన కిటుకులు మూడు చేర్చింది. నేను కూడా ఒకటి చేర్చాను: “ఆడటం అయ్యాక సెల్లులు తీసిపెట్టు. ఎందుకంటే, లేకపోతే యంత్రం పాడవుతుంది.” దానికింద నా పేరు వ్రాసుకున్నాను. బడి తెరవగానే అది ఆ ప్రతిని తన క్లాసుకు తీసుకుపోయింది.

అసలు పుస్తకం నా దగ్గరే ఉన్నది. ఆ కుర్రవాడికి ఇప్పుడు నలభై యేళ్ళుంటాయి. పిల్లలూ, మీ నాన్నగారు చిన్నతనంలో కృష్ణా జిల్లా పల్లెలో ఎనిమిదో తరగతి సగంలో వదిలి వెళ్ళి ఉంటే, ఈ పుట ఆయనకు చదివి వినిపించండి. “నీ యంత్రం పాడుచేశాను, నాయనా. కొత్తది కొని ఉంచాను. నీ పుస్తకం భద్రంగా ఉన్నది. పెద్ద పరీక్షలయి చాలాకాలమయింది, వచ్చి తీసుకో,” అని నేనన్నానని చెప్పండి.

ఆ పుస్తకంలో చివరి కిటుకు మీ అందరికీ చెప్పి ముగిస్తాను: “ఓడిపోయిన వెంటనే మళ్ళీ ఆడకూడదు. లేచి మంచినీళ్ళు తాగి, కాసేపు బయట తిరిగి రావాలి. ఎందుకంటే, కోపంతో ఆడితే చేసిన తప్పే మళ్ళీ చేస్తాం.”