మే నెల నీళ్లు

3 మార్చి 2024, కర్నూలు
జోహరాపురం దగ్గర హంద్రీ. పారుతోంది, కానీ ఊరి మురుగే. ఎగువన గాజులదిన్నె నుంచి చుక్క రానప్పుడు ఇక్కడ ఏరు పేరుకే. బుడగ చేరకుండా సీసా నింపి మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయొడైడు వేశాం. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగాలి. తెల్లగా దిగింది. ఏమన్నా తప్పు చేశామా అని మా క్లాసు పిల్లలు నా మొహం చూశారు. తప్పేం లేదు. ఆ నీళ్లలో ఊపిరి లేదు, అంతే.

17 మార్చి
సంగమం. హంద్రీ కలవకముందు తుంగభద్ర నీళ్ల సీసాలో మడ్డి గోధుమరంగు. కలిశాక, పాలిపోయిన రంగు. గేదెల్ని తోలుకొచ్చినాయన అడిగాడు, "ఏం చూస్తాండావు మేడం?" నీళ్లు ఎట్లున్నాయోనని, అన్నాను. "చూసేదేముంది. గొడ్లు మూతి పెట్టడంల్యా."
చేపలు బతకాలంటే లీటరుకు 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. ఆయనకు ఆ లెక్కతో పనిలేదు.

9 ఏప్రిల్, ఉగాది, మా చెన్నూరు
పెన్న నిండా ఇసుకే. "చెలమ తీసి, తేట దేరేదాకా కూచ్చోని తాగుతాంటిమి" అంది జేజి. ఇప్పుడు చెలమ తీస్తే ఊట రాదు. బోరు నీళ్లకు పప్పు ఉడకదని అమ్మ క్యాను నీళ్లు పోసింది. మీటరు పెట్టాను. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకుంటే 2000 దాకా ఒప్పుకోవచ్చు. ప్రమాణాల్లో ఉన్న మాటే. వేరే దారి లేకుంటే... సీమ సగం ఆ మాట మీదే బతుకుతోందా?

28 ఏప్రిల్
ఫ్లోరైడు పరీక్ష. దీనికీ రెండు హద్దులే. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకుంటే 1.5. కాచినా పోదు. బోరు లోతుకు పోయేకొద్దీ రాతి పొరల్లో ఏళ్ల తరబడి నానిన నీళ్లు. ఈ సీసా తెచ్చిన అమ్మాయి ఎప్పుడూ నోటికి చేయి అడ్డం పెట్టుకునే నవ్వుతుంది. అంకె తనకు నేనే చెప్పాలి. రేపు.

19 మే
కొళాయి ఇవాళా రాలేదు. ఆర్వో వదిలేసే నీళ్లు బకెట్లో పట్టి గిన్నెలకు, బియ్యం కడుగు కరివేపాకు చెట్టుకు. ఇంట్లో చుక్క పారబోయడానికి చేయి రాదు. అదే ఊరంతా వాడి వదిలిన నీళ్లు? శుద్ధి చేసి వదిలితే ఎండాకాలం హంద్రీకి అవే ప్రవాహం కదా. కరువు వేరు, కాలుష్యం వేరు అని ఇన్నాళ్లూ రెండు పాఠాలుగా చెబుతున్నాం. ఎందుకు?

7 జూలై
తమ్ముడి ఫోను. "కేసీ కాలవను నమ్మి ఈసారి నారు పోయను అక్కా. కొర్ర వేస్తా." 1860ల్లో పడవలు కూడా నడవాలని తవ్విన కాలువ. సుంకేసుల నుంచి కడప దాకా. చివరి మడికి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలీదు. నాన్న ఏమన్నాడని అడిగాను. ఏమీ అనలేదంట.

11 ఆగస్టు
రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం వాళ్లను జాగ్రత్తగా ఉండమన్నారు. ఎండాకాలమంతా ఎదురుచూసిన నీళ్లు. ఇట్లా రావాలా?

18 ఆగస్టు
గేటు స్థానంలో తాత్కాలిక అడ్డుగా స్టాప్‌లాగ్ దించారు. సంగమం కింద మళ్లీ సీసా నింపాం. ముదురు గోధుమరంగు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మురుగు తగ్గిందా? లేదు, ఏట్లో నీళ్లు పెరిగాయి.
రిజిస్టర్లో కొత్త గడి గీశాను: ప్రవాహం. మే అంకె పక్కన లేకుండా ఆగస్టు అంకె ఎవరికీ ఇవ్వను. ఏరు నిండుగా ఉన్న రోజు ఎంత మురుగు మోసిందో నాకు అక్కర్లేదు. ఎండిన రోజు ఎంత మోయగలదో, అంతకు మించి వదలకూడదు. ఇదే రాసి పంపాలి. ముందు ఎవరికి?