గాలం లేని పడవ

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆలోపే కయాక్ దింపాలని ఆదివారం పొద్దున్నే కండ్లకోయలో బయల్దేరాను. చలి దేశాల్లో ఈ రోజుల్లో గడ్డకట్టని నీళ్ళు వెతుక్కుంటారు. మనకు అడ్డం మంచు కాదు, గుర్రపుడెక్క. దారిలో ఆగిన మొదటి చెరువు నిండా అదే. మురుగు తాగి బలిసింది, తెడ్డు దూరే సందు లేదు.

శామీర్‌పేటలో మాత్రం నీళ్ళు నీళ్ళలా కనిపించాయి. కొర్రమీను తగలకపోతుందా అనుకుంటూ పడవకి గాలి కొడుతున్నాను. థర్మాకోల్ తెప్ప మీద వల తీస్తున్న పెద్దాయన ఒడ్డుకొచ్చాడు.

“గాలమేస్తవా బిడ్డా?”

“పట్టి, మళ్ళీ వదిలేస్తాను తాతా.”

“మూతి చినిగినంక వదిలితే ఏం లాభం? వానకాలంల పిల్లల పోసినం. ఇప్పుడే చేతికొస్తున్నయ్. నీకు ఆట, మాకు పంట.”

వదిలేయడం నా దయ అనుకునేవాణ్ణి. ఎవరి చేపని ఎవరికి వదులుతున్నట్టు?

గాలాలు కారులో పడేశాను. “ఊకె తిరుగు, వలల దిక్కు రాకు” అన్నాడు. గంటసేపు తిరిగి, ఆయన దగ్గరే రెండు కిలోల బొచ్చె కొన్నాను.

ఇంట్లో అమ్మ సంబరంగా అడిగింది, “నువ్వే పట్టావా?”

ఆ మాట కోసమే రెండేళ్ళుగా తిరుగుతున్నాను.

“లేదమ్మా, కొన్నాను.”