రోళ్లకు కక్కు కొట్టేవాళ్ల పిల్లలం

ఇంటర్న్‌షిప్ అనే మాట మా ఇళ్లల్లో ఎవరికీ తెలీదు. 'కామ్ సీఖ్‌నా' అంటే తెలుసు. మీసాలన్నా రాకముందే పోరగాణ్ణి తీసుకుపోయి వెల్డింగ్ దుకాణంలోనో మెకానిక్ షెడ్డులోనో నిలబెట్టి, 'హడ్డీ హమారీ, చమ్డీ తుమారీ' అని ఉస్తాద్‌కు అప్పజెప్పి వస్తారు. ఎముకలు మావి, తోలు నీదీ అని. జీతం లేదు, చాయ్ ఉంటుంది. పని మాత్రం వస్తుంది. సర్టిఫికెట్టొక్కటే రాదు.

ఆ సర్టిఫికెట్ కోసం మేం నలుగురం 2013 వేసవిలో నెల రోజులు జీడిమెట్లలో ఒక ఇంజినీరింగ్ కంపెనీకి పోయాం. బీటెక్ మెకానికల్ మూడో ఏడాది అయ్యాక చేయాల్సిన మినీ ప్రాజెక్టు అది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిబ్రవరి 21న బాంబులు పేలి మూడు నెలలే అయింది. గేటు దగ్గర అందరి టిఫిన్ డబ్బాలూ లోపలికి పోయేవి, మావి మూతలు తీశాకే పోయేవి. దాని గురించి ఎక్కువ రాయదల్చుకోలేదు. మా డబ్బాల్లో ఏముందన్న ఆరా ఈ దేశంలో కొత్తదీ కాదు, ఆగిందీ లేదు.

మొదటిరోజు డిజైన్ సెక్షన్ ఇంజినీరు మా పేర్లు చూసి, కాసేపు మాట్లాడి, 'తెలుగు బాగా మాట్లాడుతున్నారే, ఎక్కడ నేర్చుకున్నారు?' అన్నాడు. నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లం ఎక్కడ నేర్చుకుంటాం? ఆయన మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. రెండో ప్రశ్న సీటు గురించి. 'బీసీ-ఇ' అన్నాం. 'ఓహో, ఆ 4 శాతమా' అన్నాడు.

అవును, ఆ 4 శాతమే. 2007లో చట్టమై, కోర్టుల్లో నలిగి, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడ్డ 4 శాతం. ఆ బీసీ-ఇ జాబితాలో 'తురక కాశ' అని ఒక పేరుంది. దాని పక్కనే 'రోళ్లకు కక్కు కొట్టేవారు' అని కూడా రాసి ఉంటుంది. మా నలుగురిలో ఇద్దరి దాదాలు చేసిన పని అదే. రోలో తిరగలో అరిగి నున్నబడితే ఉలితో గంట్లు పెట్టి మళ్లీ గరుకు చేయడం. గంటు లోతెక్కువైతే పిండిలో రాయి వస్తుంది, తక్కువైతే పప్పు నలగదు. ఆ లోతు కొలవడానికి దాదాల దగ్గర ఏ గేజీ లేదు. మిక్సీలు, గ్రైండర్లు వచ్చాక ఆ ఉలితో పని లేకుండా పోయింది. ఇది మెరిట్ లెక్కలో ఎక్కడొస్తుందో ఆ ఇంజినీరును అడగాలనుకున్నాం.

మా జాతివాళ్లు ఆ కంపెనీలో లేరని కాదు. కింద షెడ్డులో ఉన్నారు. వెల్డింగ్ మనవాళ్లే, గ్రైండింగ్ మనవాళ్లే. పైన ఏసీ గదిలో ఒక్కరూ లేరు. పైన అందరూ సార్లు, గార్లు. కింద లేతు మీద ఉన్న ముసలాయన 'భాయ్'. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నా కాంట్రాక్టరు మనిషి. మెషీను తిరుగుతుంటే చప్పుడు విని టూలు మొద్దుబారిందో లేదో చెప్పేవాడు. నాలుగు దవడల చక్‌లో జాబు బిగించి డయల్‌తో సెంటరు పట్టడం కాలేజీలో మూడేళ్లలో రాలేదు, ఆయన దగ్గర మూడు రోజుల్లో వచ్చింది.

ఒకరోజు పైనుంచి డ్రాయింగ్ వచ్చింది. 40 మి.మీ. షాఫ్టు, బుష్‌లో తిరగాలి. భాయ్ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, 'నై ఫిరేగా బేటా, పకడ్ లేగా' అన్నాడు. తిరగదు, పట్టేస్తుందని. మేం టేబుళ్లు తీసి చూశాం. బుష్ రంధ్రం హెచ్7, అంటే 40 నుంచి 40.025 దాకా. షాఫ్టుకు పీ6 అని ఉంది, అంటే 40.026 నుంచి 40.042 దాకా. రంధ్రం కన్నా షాఫ్టే లావు. తిరగాలంటే ఎఫ్7 లాంటిది ఉండాలి.

'మీరే చెప్పొచ్చు కదా చాచా' అంటే, 'నేను చెప్తె ఇంటరా? డ్రాయింగ్ ప్రకారం చెయ్ అంటరు. పాడైతె నా పగారల కోస్తరు' అన్నాడు.

పైకి పోయి చూపించాం. ఇంజినీరు లెక్క చూసుకుని, 'శభాష్, బాగా పట్టారయ్యా' అన్నాడు. పట్టింది మేం కాదు, కింద చాచా అన్నాం. 'ఎవరు, భాయా?' అని నవ్వి డ్రాయింగ్ దిద్దుకున్నాడు. ఆ నవ్వులో ద్వేషం లేదు, నిజమే. ఆ ముసలాయనకు కూడా కొలతలు తెలిసుంటాయన్న ఊహే లేదు. ద్వేషంతోనైతే వాదించొచ్చు. దీనితో ఏం వాదించాలి?

రిపోర్టు మొదటి పేజీలో కృతజ్ఞతలు రాయాలి. అక్కడ చాచా పూర్తి పేరు రాశాం. మా గైడ్ 'ఈయన డిజిగ్నేషన్ ఏంటి?' అన్నాడు. కంపెనీ రిజిస్టర్లో ఆయనకు ఏ హోదా లేదు, అసలు పేరే లేదు. 'ఉస్తాద్' అని రాశాం. గైడ్ ఎర్రసిరాతో కొట్టేసి 'టెక్నీషియన్' అని దిద్దాడు. బైండింగ్‌కు ఇచ్చేముందు మేం మళ్లీ 'ఉస్తాద్' అనే కొట్టించాం.