ఆలన్ మూర్ సూపర్‌హీరోలు - నా లెక్కలో వరస

ఆలన్ మూర్ అనగానే అందరూ 'వాచ్‌మెన్' అంటారు. ఆ తర్వాత 'కిల్లింగ్ జోక్' అంటారు. అక్కడితో లిస్టు అయిపోతుంది. నాకీ వరస మొదట్నుంచీ మింగుడుపడదు. అందుకే నా వరస నేను రాస్తున్నా. 'ఫ్రమ్ హెల్', 'వి ఫర్ వెండెట్టా' సూపర్‌హీరో కథల లెక్కలోకి రావు కాబట్టి పక్కన పెట్టేశాను.

నా కొలమానం ఒక్కటే. ఎవరో సృష్టించి, ఎందరో రాసి, చివరికి ఎవరికీ పట్టకుండా పోయిన పాత్రని చేతిలో పెడితే ఈయనేం చేశాడు? మా సాఫ్ట్‌వేర్ జనానికి ఇది బాగా తెలిసిన బాధే. కొత్తగా రాయమంటే అందరూ రెడీ. పదేళ్ళ కిందట ఎవరో రాసి వెళ్ళిపోయిన కోడుని, నడుస్తున్నది ఆపకుండా బాగుచెయ్యమంటే మాత్రం... అప్పుడు బయటపడుతుంది ఎవరి సత్తా ఎంతో.

ఇక కిందనుంచి పైకి.

6. ది కిల్లింగ్ జోక్ (1988): బ్రయన్ బోలండ్ బొమ్మలకి వంక పెట్టలేం. జోకర్‌కి ఒక గతం ఇచ్చి, అది నిజమో కాదో వాడికే తెలీదనడం కూడా బాగుంది. కానీ బార్బరా గోర్డన్‌ని కాల్చి చక్రాల కుర్చీకి పరిమితం చేసింది ఎందుకయ్యా అంటే, వాళ్ళ నాన్నకి పిచ్చెక్కించడానికి. అంతే! ఆమె ఏమైపోయిందో ఈ కథకి అక్కర్లేదు. ఆమెని 'ఒరాకిల్'గా మళ్ళీ నిలబెట్టింది కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ దంపతులు. ఈ పుస్తకం తనకీ నచ్చదని మూరే తర్వాత చాలాసార్లు చెప్పాడు.

5. సుప్రీమ్ (1996 నుంచి): రాబ్ లీఫెల్డ్ సొంతం చేసుకున్న ఈ పాత్ర సూపర్‌మేన్‌కి నకలు, కాకపోతే ముక్కు మీద కోపం, చేతిలో నెత్తురు. 41వ సంచికతో మూర్ చేతికొచ్చింది. రాగానే ఒక వింత లోకం చూపిస్తాడు. కథ మారినప్పుడల్లా రద్దయిపోయిన పాత సుప్రీమ్‌లందరూ అక్కడ కాపురముంటారు. వెర్షన్ కంట్రోల్ మీద ఇంత ముద్దైన కథ నేనింకెక్కడా చదవలేదు :-) తర్వాత్తర్వాత పాత సూపర్‌మేన్ కథలకి పేరడీలాగా సాగింది కాబట్టి ఐదు.

4. మిరాకిల్‌మేన్ (1982-1989): 1954లో మిక్ ఆంగ్లో ఇంగ్లండ్‌లో మొదలెట్టిన 'మార్వెల్‌మేన్' అనే పిల్లల పాత్ర ఇది. ఇలాంటివాళ్ళు నిజంగా ఉంటే ఏమవుతుంది అని మూర్ అడిగాడు. 15వ సంచికలో లండన్ నాశనమవడం చూశాక నాకు రెండ్రోజులు మనసు మనసులో లేదు. ఆ తర్వాత హీరోలు ప్రపంచాన్నే స్వర్గంలా దిద్దేస్తారు. హీరో తన భార్యకి కూడా దివ్యశరీరం ఇస్తానంటాడు. ఆవిడ వద్దంటుంది! భయమంతా ఆ వద్దనడంలోనే ఉంది.

3. వాచ్‌మెన్ (1986-87): డేవ్ గిబ్బన్స్‌తో చేసిన 12 సంచికలు. గడియారంలా బిగించిన పని. ఐదో సంచిక అయితే మొదటి పేజీకి చివరి పేజీ అద్దంలా ఉంటుంది. మరి మూడోస్థానం ఎందుకంటారా? డీసీ కొన్న చార్ల్‌టన్ పాత్రలతో రాద్దామనుకున్న కథ ఇది. కుదరకపోయేసరికి కొత్తవాళ్ళని తయారుచేసుకున్నాడు. ఖాళీ స్థలంలో కట్టిన మేడ అన్నమాట. నా లిస్టులో పాత ఇళ్ళకే మార్కులెక్కువ.

2. సూపర్‌మేన్ కథలు రెండు: 1985 యాన్యువల్‌లో వచ్చిన 'ఫర్ ద మేన్ హూ హ్యాజ్ ఎవ్రీథింగ్', 1986లో కర్ట్ స్వాన్ బొమ్మలతో వచ్చిన 'వాటెవర్ హ్యాపెన్డ్ టు ద మేన్ ఆఫ్ టుమారో'. మొదటిదాంట్లో పుట్టినరోజునాడు ఒక మాయమొక్క సూపర్‌మేన్ ఛాతీకి అతుక్కుని, అతను కోరుకున్న జీవితాన్ని కలగా చూపిస్తుంది. క్రిప్టాన్ పేలలేదు. పెళ్ళైంది, కొడుకున్నాడు. బయటపడాలంటే ఆ కొడుకుతోనే నువ్వు నిజం కాదేమోరా అని చెప్పాలి. ఎంతమంది రాశారో సూపర్‌మేన్‌ని! అతనికి బలం కాకుండా బాధ ఎక్కడుందో ఇంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ.

1. స్వాంప్ థింగ్ (1984-1987): లెన్ వీన్, బెర్నీ రైట్‌సన్ 1971లో పుట్టించిన పాత్ర. ఆలెక్ హాలండ్ అనే శాస్త్రవేత్త మంటల్లో కాలి, బురదలో పడి, చెట్టూ మనిషీ కాని రూపంలో లేస్తాడు. మళ్ళీ ఎప్పుడు మనిషవుతాడా అన్నదే అప్పటిదాకా నడిచిన కథ. అయితే వాడు మనిషైన రోజున పుస్తకం మూతపడుతుంది కాబట్టి ఎప్పటికీ అవ్వడు. మూర్‌కి అప్పజెప్పేనాటికి అమ్మకాలు కూడా అంతంతమాత్రం.

రెండో నెలే, 21వ సంచికలో, వాడి శరీరాన్ని కోసి పరీక్ష చేయిస్తాడు. ఊపిరితిత్తుల్లాంటివి ఉన్నాయిగానీ పనిచెయ్యవు. అన్నీ మొక్క చేసిన నకళ్ళే. అంటే ఇది మొక్కగా మారిన మనిషి కాదు, తానే హాలండ్ అనుకుంటున్న మొక్క. హాలండ్ ఆరోజే చచ్చిపోయాడు! పాత కథల్లో ఒక్కటి కూడా అబద్ధం అనలేదు. ఒక్క లైను చెరపకుండా మొత్తం ప్రోగ్రాం అర్థం మార్చేశాడు. బిసెట్, టోటల్‌బెన్‌ల బొమ్మలు సరేసరి. ఇదే పుస్తకంలో 1985లో జాన్ కాన్‌స్టంటైన్ పుట్టాడు. వాడి సొంత పత్రిక 'హెల్‌బ్లేజర్' 1988 నుంచి 2013 దాకా 300 సంచికలు నడిచింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇంత చేసినా మూర్‌కి దక్కిందేమిటి? వాచ్‌మెన్ అచ్చు ఆగిపోతే హక్కులు తనకీ గిబ్బన్స్‌కీ తిరిగొస్తాయని ఒప్పందం. అచ్చు ఆగలేదు, హక్కులు రాలేదు. డీసీకి దూరం జరిగి వైల్డ్‌స్టార్మ్‌లో చేరితే, దాన్నీ డీసీయే కొనేసింది. 2009 సినిమాలో తన పేరు వెయ్యనివ్వలేదు. 2014లో మార్వెల్ మళ్ళీ అచ్చేసిన మిరాకిల్‌మేన్‌లో ఆయన పేరుండాల్సిన చోట 'ఒరిజినల్ రైటర్' అని ఉంటుంది. 2019తో కామిక్సే మానేశాడు.

అద్దింట్లో మామిడిచెట్టు నాటితే కాయలు ఇంటివాడివే. జీతానికి కోడు రాసే మనకీ ఈ రూలు కొత్త కాదు. నెలనెలా తీసుకుంటూ పేరు కూడా కావాలంటే ఎలా అనే మిత్రులున్నారు. నేనొప్పుకోను. జీతం పనికి ఇచ్చారు, దాన్ని ప్రేమించినందుకు కాదు. స్వాంప్ థింగ్‌ని ఎలాగో లాక్కొచ్చినా ఆ జీతం వచ్చేదే. ఎవరూ అడక్కుండానే 21వ సంచిక రాశాడు చూడండి, ఆ అదనానికి కనీసం వాటా, గౌరవం దక్కాలి. దక్కలేదు కాబట్టి ఆయన కోపం చాదస్తం కాదు, న్యాయమే.

మరి అలాంటప్పుడు మనసు పెట్టి పనిచెయ్యడం దండగా అంటే, ఆ పుస్తకం చదివాక దండగ అనబుద్ధి కావట్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వాచ్‌మెన్‌ని తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ 21వ సంచిక చదవండి. పట్టుమని పాతిక పేజీలు కూడా ఉండవు.