మార్లవాయి ప్రవాసి

మధ్యధరా సముద్రతీరమున ఏదో పల్లెలో గది అద్దెకు తీసికొని, ల్యాప్‌టాప్ ముందర కూర్చుండి, దూరదేశపు కొలువు చేసికొనుచున్న యువకుల ముచ్చటలు వినునపుడెల్ల నా మనస్సు ఆదిలాబాదు అడవులలోని మార్లవాయికి పోవును. 1909లో వియన్నాలో జన్మించిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, 1939లో రెండవ ప్రపంచయుద్ధ మారంభమగుటతో, జర్మను పాస్‌పోర్టు గలవాడగుటచే శత్రుదేశీయుడుగా నెంచబడి, హైదరాబాదు సంస్థానపు ఎల్లలు దాటరాదను నిర్బంధమునకు లోనయ్యెను. చెంచుల నడుమను, కొండరెడ్ల నడుమను మసలుటకు ఆ నిర్బంధమే అవకాశమైనది. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కొమురం భీము హతుడైన పిమ్మట, గోండుల అశాంతికి కారణ మరయుటకై నిజాము ప్రభుత్వము నియోగించగా, ఆయన భార్య ఎలిజబెత్‌తో గూడి మార్లవాయిలో గుడిసెలో కాపురముండి, గోండీ నేర్చి, ఆ జనులకు భూమిపట్టాలును బడులును సమకూరుటకు పాటుపడెను.

దృశ్యమునకై పల్లె చేరినవాడు ఆ దృశ్యము పాతబడగానే మూట కట్టును. ఇరుగుపొరుగువారి భూమి తగాదాలలో తల దూర్చినవానికి ఊరు విడుచుట అంత సులభము కాదు. 1987లో మరణించిన ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే యున్నది. 1995లో లండనులో గతించిన ఆయన అస్థికలును తరువాత ఆమె చెంతకే చేరినవి. ఊరు మనలను అద్దెకున్నవానిగా జూచునా, ఇంటివానిగా జూచునా యనునది, దాని కష్టములో మనము పంచుకొన్న పాలును బట్టియే తేలునని నాకు తోచుచున్నది.