ఇద్దత్‌లోనా, ఇద్దత్‌లోగానా?

మా చెల్లెలి కూతురు డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. సెలవులకు గడివేముల వచ్చినప్పుడు గ్రామర్ పుస్తకం నా ముందు పెట్టి, "మామూ, ఈ ఆడ్వర్బ్‌ని ఎక్కడ పెట్టాలి? షుడ్ తర్వాతా, బీ తర్వాతా, చివర్లోనా?" అంది. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి పట్టుకుని ఇంగ్లీష్ అడగడం కాస్త జుల్మే. పేపర్లో పనిచేసేవాడికి అన్నీ వస్తాయని మా ఇంట్లోవాళ్ళ నమ్మకం.

నాకు తెలిసినంత చెప్పాను. డబ్బు కట్టే సంగతే తీసుకో బేటీ. "ద మనీ షుడ్ ఆల్వేస్ బీ పెయిడ్." ఎప్పుడూ అనే మాట మొత్తం వాక్యానిది, అందుకని షుడ్ పక్కన కూర్చుంది. "షుడ్ బీ ఫుల్లీ పెయిడ్." పూర్తిగా అనేది కట్టడం ఎలాగో చెబుతుంది, అందుకని పెయిడ్‌ని అంటిపెట్టుకుంది. "షుడ్ బీ పెయిడ్ వితిన్ త్రీ మంత్స్." ఎప్పటికల్లా అనేది చివరికి పోయింది. ఇవి ఇనుప గీతలేం కావు, ఇంగ్లీషువాళ్ళే అటూ ఇటూ జరుపుతుంటారు. కానీ ఏ మాట దేనికి అతుక్కుని ఉందో చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

మనకు ఈ తంటా తక్కువ. తెలుగులోనూ ఉర్దూలోనూ క్రియ చివర కూర్చుంటుంది, మిగతావన్నీ దాని ముందు వరస కడతాయి. "మూడు నెలల్లోగా పూర్తిగా చెల్లించాలి." "తీన్ మహీనే కే అందర్ పూరా అదా కియా జానా చాహియే." ఉర్దూలో ఈ కర్మణి ప్రయోగం నోట్లో సాఫీగా తిరుగుతుంది. తెలుగులో 'చెల్లించబడవలెను' అంటే గవర్నమెంటు కాగితం వాసన కొడుతుంది. మనం ఎవరు కట్టాలో చెప్పకుండానే 'కట్టాలి' అంటాం, సరిపోతుంది.

పిల్లల పాఠంలా ఉంది కదా? ఇలాంటి ఒక్క మాట ఎక్కడ కూర్చుందన్న ప్రశ్న మీదే పదిహేనేళ్ళు కోర్టుల్లో మన ఆడపిల్లల భరణం ఊగిసలాడింది.

1985లో షాబానో కేసు. సుప్రీంకోర్టు ఆమెకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం ఇవ్వాల్సిందేనంది. ఆ మొత్తం నెలకు 179 రూపాయల 20 పైసలు. దాని మీద దేశమంతా గొడవ, జల్సాలు, జులూస్‌లు. 1986లో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది, తలాఖ్ అయిన ముస్లిం స్త్రీల హక్కుల రక్షణ చట్టం. దాని మూడో సెక్షన్‌లో ఉంది అసలు వాక్యం. ఆమెకు సముచితమైన, న్యాయమైన 'ప్రొవిజన్ అండ్ మెయింటెనెన్స్' హక్కుగా దక్కాలి, అది "టు బీ మేడ్ అండ్ పెయిడ్ టు హర్ వితిన్ ద ఇద్దత్ పీరియడ్ బై హర్ ఫార్మర్ హస్బెండ్".

'వితిన్ ద ఇద్దత్ పీరియడ్' దేనికి అతుక్కుంది? భరణానికా, కట్టడానికా?

భరణానికి అనుకుంటే ఇద్దత్ ఉన్నన్నాళ్ళే ఖర్చు, ఆ తర్వాత మొగుడి జిమ్మేదారీ ఖతం. కట్టడానికి అనుకుంటే మత్లబ్ మారిపోతుంది. ఇద్దత్ అనేది గడువు. ఆ గడువులోగా మాజీ భర్త ఆమె ముందు బతుకుకు కావలసిన ఏర్పాటంతా చేసి, డబ్బు చేతికివ్వాలి.

1990లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి మొదటి అర్థమే తీసుకుంది. అదేమీ బుర్ర లేని చదువు కాదు. అదే చట్టం నాలుగో సెక్షన్‌లో, ఇద్దత్ తర్వాత తనను తాను పోషించుకోలేని స్త్రీకి బంధువులు, వాళ్ళూ లేకపోతే వక్ఫ్ బోర్డు ఇవ్వాలని ఉంది. అంటే అప్పటికి మొగుడి బాధ్యత తీరిపోయినట్టే కదా అని ఆ వాదన. గుజరాత్, కేరళ హైకోర్టులు అప్పటికే రెండో అర్థం వైపు ఉన్నాయి. ఒకే దేశం, ఒకే చట్టం, ఒకే వాక్యం. కేరళలో ఆడపిల్లకు ఒక హక్కు, కర్నూలులో ఆడపిల్లకు ఇంకో హక్కు.

2001 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి డానియల్ లతీఫీ కేసులో తేల్చింది. లతీఫీ షాబానో తరఫున వాదించిన వకీలే. చట్టం చెల్లదని ఆయన వాదించారు. కోర్టు చట్టాన్ని కొట్టేయలేదు, వ్యాకరణం సరిచేసి చదివింది. ఇద్దత్ వరకే అని పార్లమెంటు ఎక్కడా రాయలేదు. 'మేడ్' అన్నది ఏర్పాటు గురించి, 'పెయిడ్' అన్నది భరణం గురించి, 'వితిన్' అన్నది ఆ పనులు ఎప్పటిలోగా అయిపోవాలో చెప్పేది. ఆమె మళ్ళీ నికాహ్ చేసుకుంటే తప్ప ఆ ఏర్పాటు జిందగీ మొత్తానికి సరిపోవాలి. మన ఫుల్ బెంచి చదివిన తీరు సరికాదని కూడా తేలింది.

తీర్పు వచ్చి ఇన్నేళ్ళయినా మన మొహల్లాలకు అది చేరలేదంటే నేను తప్పు మాటల మీదే వేస్తాను. మన ఇళ్ళల్లో దీనికి ఒకటే లఫ్జ్: 'ఇద్దత్ కా ఖర్చా'. చూడండి, చట్టంలో కట్టడాన్ని అంటిపెట్టుకున్న మాట మన నోట్లో ఖర్చుకు అతుక్కుపోయింది. గడువు కాస్తా కొలత అయింది. తెలుగులో ఇంకా చిన్న తేడా, ఒక్క 'గా'. 'ఇద్దత్‌లో చెల్లించాలి' అంటే ఆ మూడు నెలలు ఇస్తే చాలన్నట్టు వినిపిస్తుంది. 'ఇద్దత్‌లోగా చెల్లించాలి' అంటే అది ఆఖరి తేదీ.

రెండేళ్ళ కింద గడివేములలోనే మా బంధువుల పిల్ల పంచాయితీలో కూర్చున్నాను. అబ్బాయి తరఫువాళ్ళు టైపు చేసిన కాగితం తెచ్చారు. మెహర్ బాకీ ఒక లైను, 'ఇద్దత్ ఖర్చు' ఒక లైను, కింద సంతకాలకు చోటు. ఇద్దరు పిల్లలను పెట్టుకుని ఆ అమ్మాయి నాలుగో నెల నుంచి ఎలా బతకాలో ఆ కాగితంలో లేదు. "ఖానూన్ మే భీ ఐసాచ్ హై" అన్నారొకరు. ఫోన్‌లో సెక్షన్ తీసి చదివాను. ఒక పెద్దాయన, "ఇద్దత్ అనే మాట అందులో ఉందా లేదా?" అని నిలదీశారు. "ఉంది చాచా, దేనికి అతుక్కుని ఉందో చూడండి" అన్నాను. అమ్మాయి వాళ్ళ అబ్బా నేల చూస్తూ కూర్చున్నారు. గంటన్నర వాదన తర్వాత మూడో లైను చేరింది. అడిగినంత రాలేదు. రెండు దఫాల్లో ఇస్తామన్నారు. మొదటిది ఇద్దత్‌లోగా వచ్చింది, రెండోది ఎన్నో ఫోన్లు చేశాక వచ్చింది.

నేను ఆలిమ్‌ని కాను, మస్‌లా చెప్పడం లేదు. కానీ సూరా బఖరా 241వ ఆయత్‌లో తలాఖ్ అయిన స్త్రీలకు ఇవ్వాల్సిన 'మతా' పక్కన ఉన్న మాట 'బిల్ మారూఫ్', అంటే మర్యాదగా, తగిన తీరులో. ఎలా ఇవ్వాలో చెప్పే మాట ఉంది, ఇన్ని నెలలే అన్న మాట లేదు. మీ ఆలిమ్ సాబ్‌ను అడగండి.

2024 జులై 10న తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇంకో సంగతి స్పష్టం చేసింది. 1986 చట్టం ఉన్నా, తలాఖ్ అయిన ముస్లిం స్త్రీకి 125వ సెక్షన్ దారి మూసుకుపోలేదు. ఆ సెక్షన్ ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144గా ఉంది.

మీ ఇంట్లో ఇలాంటి కాగితం రాసే రోజు రాకూడదని దుఆ. వస్తే మాత్రం 'ఇద్దత్ ఖర్చు' అని ఒకే లైను రాయనివ్వకండి. ఇద్దత్ రోజుల భరణం వేరు లైను, ముందు బతుక్కి ఏర్పాటు వేరు లైను, రెండింటికీ వేర్వేరు మొత్తాలు. 'ఇద్దత్‌లోగా' అన్నదాని పక్కన ఇద్దరూ ఒప్పుకున్న తారీఖు కూడా అంకెల్లో వేయించండి. హైజ్ లెక్కన నడిచే ఇద్దత్ ఏ రోజుతో ముగుస్తుందో ముందే చెప్పలేం, అక్కడ మళ్ళీ పంచాయితీ మొదలవుతుంది.